వెనక సీటుకి కావలసిన అర్హతలు

నాగరికత అంటే ఏమిటని ఎవరైనా నిలదీస్తే, ఒక మనిషి కూర్చుని ఉండగా మిగతావాళ్ళు నిలబడి అతన్ని చూడటానికి చేసుకున్న ఏర్పాటు అని ధైర్యంగా చెప్పవచ్చు. పూర్వం ఈ ఏర్పాటుని ఏనుగుల మీదా పల్లకీల మీదా చేసేవారు. (ఏనుగెక్కడానికి ఫారం నింపే పద్ధతి లేకపోవడంతో అది ఎక్కువకాలం నిలవలేదు.) ఇరవయ్యో శతాబ్దం సగానికొచ్చేసరికి అమెరికావాళ్ళు దాన్ని ఇరవై అడుగుల పొడవున, ఎనిమిది సిలిండర్లతో, పైకప్పు తెరుచుకునేలా ఉక్కుతో తయారుచేశారు. దానికి ఊరేగింపు కారు అని పేరు. ఎక్కడికైనా వెళ్ళడానికి కాక, వెళుతూ కనిపించడానికి మాత్రమే మనిషి చేసుకున్న మోటారు వాహనం బహుశా అదొక్కటే.

డెట్రాయిట్‌లో ఒక కంపెనీ 1950లలో ఇలాంటివి సరిగ్గా మూడు చేసిందని కాగితాల్లో ఉంది. కెనడాలో బ్రాంప్టన్‌ని ఆనుకుని ఉన్న లార్క్‌ఫీల్డ్ నగరపాలక సంస్థ గరాజులో ఉన్నది నాలుగోది. అంటే కాగితాల ప్రకారం అది లేదు. లేని కారుకి డెబ్బయ్యేళ్ళుగా ఏటా ఫిట్‌నెస్ పరీక్ష చేయించి, ప్రతిసారీ పాస్ చేయించడం ఆ సంస్థ సాధించిన విజయాల్లో ఒకటి.

ఆ కారుకి డ్రైవరు ప్రభుదాస్. నరసాపురంలో లారీ ఇంజన్లు విప్పి బిగించిన చెయ్యి. ఇరవై నాలుగేళ్ళ కిందట కెనడా వచ్చి, నగరపాలక సంస్థ గరాజులో చెత్త ట్రక్కుల మెకానిక్కుగా చేరాడు. ఒక జూలై ఉదయం ఊరేగింపు కారు మొండికేస్తే, ఇంజనీర్లు లాప్‌టాప్ పెట్టడానికి దానికి రంధ్రం ఎక్కడుందో వెతుకుతూ ఉండగా, ఇతను చోక్ లాగి, కార్బ్యురేటర్ మీద స్పానరుతో రెండు తట్టి, స్టార్ట్ చేశాడు. అప్పటినుంచీ దాన్ని నడిపే అర్హత ఉన్న మనిషి నగరంలో ఇతనొక్కడే. ఆదివారాలు తెలుగు చర్చిలో ప్రార్థన అయ్యాక పాస్టరుగారు కొత్త కార్లకి నూనె రాసి దీవిస్తుంటే, ఇతను మనసులో ఈ పాత కారుకీ కాస్త చోటడిగేవాడు.

కారుతోపాటు డెట్రాయిట్ నుంచి వచ్చిన నియమావళి ఒక పేజీ. ప్రభుదాస్ దాన్ని గరాజు బీరువాలో చూశాడు. ప్రముఖుణ్ణి ఎక్కించవలెను, మెల్లగా పోనివ్వవలెను, దించవలెను అని మూడు వాక్యాలున్నాయి. డ్రైవరుకి ముందొక అద్దం, వెనక కూర్చున్నవాళ్ళకి జుట్టు చెదరకుండా మధ్యలో ఇంకో అద్దం, పట్టుకోవడానికి నికెల్ కడ్డీ, చలికి ప్రముఖుల పాదాలకి మాత్రం వేడిగాలి కొట్టే ప్రత్యేకమైన హీటరు. (డ్రైవరు పాదాలు చరిత్రలోకి రావు.) 1963 నవంబరులో కప్పులేని కారులో వెళుతున్న దేశాధ్యక్షుణ్ణి కాల్చి చంపాక, అమెరికాలో పెద్దవాళ్ళ కార్లకి కప్పులు పడ్డాయి. చూడటానికి చేసిన కారుకి కప్పు వేస్తే మిగిలేది పొడవే కాబట్టి, అలాంటి కార్లు మెల్లగా మ్యూజియాలకి చేరుకున్నాయి. లార్క్‌ఫీల్డ్ మాత్రం కప్పు వెయ్యలేదు. అక్కడ ఎవరినైనా ఏమైనా చేసేంత శ్రద్ధగా చూసే జనం లేరని నగర మండలి ఏకగ్రీవంగా తీర్మానించింది.

ఆ ఒక్క పేజీ నియమావళి ఇప్పుడు నూట నలభై పేజీలు. వెనక సీటులో కూర్చోవాలంటే ప్రముఖుల రిజిస్టరులో నంబరుండాలి. చెయ్యి ఊపడం మీద నలభై నిమిషాల ఆన్‌లైన్ శిక్షణ పూర్తి చెయ్యాలి. (నిమిషానికి ఇరవై రెండు ఊపులు మించరాదు. మోచెయ్యి భుజం కంటే పైకి లేస్తే దాన్ని సహాయం కోసం చేసిన సైగగా పరిగణిస్తారు.) సీటు బెల్టుల సంగతి ఆరో అధ్యాయంలో ఉంది. కారు పుట్టినప్పుడు బెల్టులు లేవు గనుక ఇప్పుడు పెట్టకూడదు. బెల్టు లేని సీటులో మామూలు మనిషి కూర్చుంటే అది ప్రమాదం, ప్రముఖుడు కూర్చుంటే సంప్రదాయం. రిజిస్టరులో మొదటి నంబరు క్రిస్మస్ తాతది. ఏటా గడువులోగా రెన్యూవల్ చేయించుకునేది కూడా ఆయనే.

ఇదంతా ప్రభుదాస్‌కి పట్టింపు లేని విషయమే గానీ, అతని భార్య రూపవతికి ఒక కోరిక ఉంది.

పదహారేళ్ళ కిందట, అతను మొదటిసారి ఆ కారు నడిపిన రోజున, ఫుట్‌పాత్ మీద నుంచి చూసి ఇంటికొచ్చాక చెప్పింది. "ఏవండీ, ఆ వెనక సీటులో ఒక్కసారి కూర్చోవాలనుందండీ. చేతిలో ఏమీ లేకుండా. ఊరికే, అలా."

"చూద్దాంలే రూపా," అన్నాడు ప్రభుదాస్.

అతను ఇంకా చూస్తూనే ఉన్నాడు. ఈలోగా అతనికి అరవై నాలుగొచ్చాయి. జూలై నెలాఖరుకి రిటైర్మెంటు. కెనడా డే ఊరేగింపు తర్వాత కారుకీ రిటైర్మెంటే. దాని బదులు కప్పున్న ఎలక్ట్రిక్ వ్యాను వస్తోంది. అందులో ప్రముఖులు లోపల కూర్చుంటారు, బయట తెర మీద వాళ్ళ ఫోటోలు కనిపిస్తాయి.

చేతిలో ఏమీ లేకుండా అని రూపవతి అనడానికి కారణముంది. ఆమె వృద్ధాశ్రమంలో పనిచేస్తుంది. వారమంతా వీల్‌చైర్లు తోస్తుంది. సెలవు రోజుల్లో లార్క్‌ఫీల్డ్ తెలుగు సమాఖ్య సభల్లో శాలువాల పళ్ళెం పట్టుకుంటుంది. ఇరవై రెండేళ్ళ కిందట పళ్ళెం పట్టుకోవలసిన అమ్మాయికి జ్వరమొచ్చి, "సిస్టర్, ఒక్క నిమిషం పట్టుకోండి" అని ఎవరో ఆమె చేతిలో పెట్టారు. ఆ నిమిషం ఇంకా అవలేదు. సమాఖ్యలో సభ్యులు రెండువందల పదిహేనుమంది. రూపవతిని మినహాయించి రెండువందల పద్నాలుగుమందికీ ఏదో ఒక ఏడాది ఏదో ఒక కారణానికి సన్మానం జరిగింది. పాట పాడినందుకు, పాట ఆపినందుకు, పర్మనెంట్ రెసిడెన్సీ వచ్చినందుకు, రాకపోయినా ధైర్యంగా ఉన్నందుకు. అధ్యక్షుడు భీమారావు గారికైతే పదకొండు శాలువాలున్నాయి. అన్నీ ఆమె పట్టుకున్న పళ్ళెంలోంచి తీసినవే.

ఈ ఏడాది కారు వీడ్కోలు ఊరేగింపులో సామాన్య ప్రజలకి కూడా అవకాశమివ్వాలని నగర మండలి నిర్ణయించింది. అయితే ఆ సామాన్యులు ప్రముఖులై ఉండాలి. రుజువుగా, బహిరంగ సభలో సన్మానం జరిగినట్టు ఒక ఫోటో పంపితే చాలు. ఆరేడు దరఖాస్తులు వస్తాయని అనుకున్నారు. ఆ సాయంత్రానికి రెండువందల పద్నాలుగు వచ్చాయి, అన్నీ లార్క్‌ఫీల్డ్ తెలుగు సమాఖ్య నుంచే. అన్నిటికీ ఫోటోలున్నాయి. అన్ని ఫోటోల్లోనూ శాలువా ఉంది, దండ ఉంది, పక్కన పెద్దమనుషులున్నారు. నియమం ప్రకారం ఒక్కటి కూడా తోసిపుచ్చడానికి లేదు. చిన్నప్పుడు ఒక పద్యం సగం చెప్పి ఏడ్చినందుకు సన్మానం పొందిన ఇంజనీరింగ్ విద్యార్థితో సహా అందరూ ప్రముఖులైపోయారు.

రెండువందల పదిహేనోదిగా వెళ్ళి తిరిగొచ్చినది రూపవతి దరఖాస్తు ఒక్కటే.

ప్రభుదాస్ సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆరో అంతస్తులోని ప్రముఖుల నిర్ధారణ విభాగానికి వెళ్ళాడు. అక్కడ అనలిస్టు దేవిశ్రీ. కరీంనగర్ నుంచి చదువుకోడానికి వచ్చి, ఆరేసి నెలల కాంట్రాక్టు మీద నాలుగేళ్ళుగా పనిచేస్తున్న పిల్ల.

"ఆంటీ ఇరవై రెండు ఫోటోలు అప్‌లోడ్ చేసింది అంకుల్," అంది ఆమె స్క్రీన్ అతని వైపు తిప్పుతూ. "అన్నిట్ల పళ్ళెం మంచిగ క్లియర్‌గ ఉంది. ఆంటీనే మోచేతుల దాక ఉంది."

"మిగతా మనిషి కూడా ఆవిడేనమ్మా. ఫోటో తీసినోళ్ళు పక్కకి కోసేశారంతే."

"నాకెర్కనే అంకుల్. సిస్టమ్‌కి ఎర్క లేదు." కాస్త ఆగి, గొంతు తగ్గించింది. "ఇంకో ముచ్చట. చెప్తే మీరు బాధపడద్దు. పళ్ళేనికి అప్రూవల్ వచ్చింది."

"దేనికీ?"

"పళ్ళేనికి. ఇరవై రెండేండ్లల్ల జరిగిన ప్రతి సన్మానంల అది ఉందని సిస్టమ్ గుర్తుపట్టింది. ప్రముఖుల నంబరు కూడా ఇచ్చేసింది. క్యాన్సిల్ చేద్దామంటే అప్పీలు పళ్ళెమే పెట్టుకోవాలంట."

ప్రభుదాస్ చాలాసేపు ఆ స్క్రీన్ చూశాడు. వరసగా ఇరవై రెండు జతల చేతులు. మొదటి ఫోటోలో గాజులు నిండుగా ఉన్నాయి. తర్వాత తర్వాత వాచీ ఒక్కటే మిగిలింది. ఆఖరి దాంట్లో వేళ్ళ కణుపులు ఉబ్బి ఉన్నాయి. అవి అలా ఎప్పుడు ఉబ్బాయో తనకి తెలియదని అతనికి అప్పుడే తెలిసింది, సిగ్గేసింది.

"ఇప్పుడేం చేయాలమ్మా?"

"సోమవారం దాక టైముంది. ఆంటీకి ఒక సన్మానం చేయించున్రి అంకుల్. ఫుల్ ఫోటో తీయించున్రి."

సన్మానాలకి లార్క్‌ఫీల్డ్‌లో కొదవేముంది. భీమారావు గారు విన్న వెంటనే ఒప్పుకున్నారు. "ఎంత మాటండీ ప్రభుదాస్ గారూ, ఈ ఆదివారమే పెట్టేద్దాం," అన్నారు. హాలు బుక్ చేశారు. బ్యానరు వేశారు. ఒకే ఒక్క శాలువా కొన్నారు. రూపవతి గోధుమరంగు పట్టుచీర తీసి, మడతల వాసన పోవడానికి రెండ్రోజులు కుర్చీ మీద ఆరేసింది.

సభ బాగానే జరిగింది. ఐదున్నరకి భీమారావు గారు కాగితం చూసి, "నిస్వార్థ సేవామూర్తి శ్రీమతి రూపవతి గారిని వేదిక మీదకి సాదరంగా ఆహ్వానిస్తున్నాం," అన్నారు. చప్పట్లు మోగాయి. అందరూ మెట్ల వైపు చూశారు. మెట్లెక్కి ఎవరూ రాలేదు. రావడానికి వీలు లేదు, ఎందుకంటే ఆమె అప్పటికే వేదిక మీద, భీమారావు గారి ఎడమ చెయ్యి పక్కన, శాలువా ఉన్న పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. పళ్ళెం మరొకరు పట్టుకోవాలని ఎవరికీ తోచలేదు. ఆమెకి కూడా తోచలేదు.

"రూపవతి గారు ఎక్కడున్నా వేదిక మీదకి రావలసిందిగా మనవి," అన్నారు భీమారావు గారు.

"ఇక్కడే ఉన్నానండి," అంది రూపవతి మెల్లగా.

"ఆవిడొచ్చేదాకా అలా పట్టుకునే ఉండండి సిస్టర్," అన్నారాయన, మెట్ల మీంచి చూపు తిప్పకుండా.

మూడో వరసలోంచి ప్రభుదాస్ లేచి, చెయ్యెత్తి, "సార్, ఆవిడే" అంటూ ముందుకి నడిచాడు. ఫోటో తియ్యడానికి వస్తున్నాడనుకుని ఎవరో అతని చేతిలో కెమెరా పెట్టారు. అది వదిలించుకునేలోపు ఇంకెవరో స్టాండు కూడా ఇచ్చారు. హాలు ఆరింటికి ఖాళీ చెయ్యాలి. కాపలా ఆయన అప్పటికే వెనక దీపాలు ఆర్పుతున్నాడు. తీసిన శాలువా తిరిగి పెట్టడం శుభం కాదు గనుక, భీమారావు గారు అలవాటు ప్రకారం దాన్ని పక్కనున్న ముఖ్య అతిథి, ఇళ్ళ అమ్మకాల ఏజెంటు వెంకటసుబ్బయ్య గారికి కప్పేశారు. ఆయనకది పద్నాలుగోది. ఆయన కూడా అలవాటు ప్రకారమే తల వంచారు. ఫోటో చాలా బాగా వచ్చింది. పళ్ళెం స్పష్టంగా ఉంది.

సంగతి తెలిశాక భీమారావు గారు నిజంగానే నొచ్చుకున్నారు. "అయ్యో, ఆ రూపవతి మన సిస్టరేనా? ముందే చెప్పొద్దూ," అన్నారు. వచ్చే ఏడాది మొదటి సన్మానం ఆమెదేనని మాటిచ్చారు.

తిరిగొస్తూ తమ సొంత కారులో రూపవతి నవ్వింది. "పోనీలెండి. నేనే పళ్ళెం కింద పెట్టాల్సింది. నాకు బుద్ధి లేదు." ప్రభుదాస్ నవ్వలేకపోయాడు. అతనికి భీమారావు గారి మీద వచ్చిన కోపం రెండు సిగ్నళ్ళ దాకా నిలిచింది. తర్వాత వచ్చినదంతా తనమీదే. సమాఖ్యకి ఆమె పేరు తెలియకపోవడం ఒక ఎత్తు. పదహారేళ్ళు చూద్దాం అన్నవాడికి ఆమె పేరు తెలుసు.

జూలై ఒకటిన ఊరేగింపు నియమాల ప్రకారమే జరిగింది. దారి రెండు కిలోమీటర్లు. పళ్ళెంతో కలిపి ప్రముఖులు రెండువందల పదిహేను. సీటులో ముగ్గురు పడతారు. ఇంజనీరింగ్ విభాగం లెక్క కట్టి, ఒక్కొక్క బృందానికి ఇరవై ఏడు మీటర్ల గౌరవం కేటాయించింది. ప్రతి ఇరవై ఏడు మీటర్లకీ కారు ఆగడం, ముగ్గురు దిగడం, ముగ్గురు ఎక్కడం. ఎక్కబోయే ప్రముఖులందరూ దారి పొడవునా లైనులో ఉండటంతో చూడటానికి ఎవరూ మిగల్లేదు. (ప్రేక్షకుల కొరతను నగర మండలి తీవ్రంగా పరిగణిస్తోంది.) రూపవతి కారు పక్కనే నడుస్తూ, పళ్ళెంలోంచి బ్యాడ్జీలు తీసి డెబ్బై రెండు బృందాలకీ పిన్నుతో గుచ్చింది. పళ్ళేనికి నంబరు పిలిచినప్పుడు దాన్ని తుడిచి, భీమారావు గారి పక్కన సీటులో పెట్టి, ఇరవై ఏడు మీటర్లు చేతులు కట్టుకుని నడిచింది. రోజంతటిలో ఆమె చేతులు ఖాళీగా ఉన్నది అప్పుడే.

నాలుగింటికి అంతా ముగిసింది. ప్రముఖులందరూ కమ్యూనిటీ హాల్లో బిర్యానీకి పోయారు. కారు అక్కణ్ణుంచి నాలుగు కిలోమీటర్ల దూరంలోని గరాజుకి ఖాళీగా వెళ్ళాలి. ఫోనులో యాప్ అడిగింది: వెనక సీటులో ప్రముఖుల సంఖ్య? ప్రభుదాస్ సున్నా అని కొట్టాడు. అబద్ధం కాదు. తర్వాత దిగి, భార్య చేతిలోని పళ్ళెం తీసుకుని డిక్కీలో పెట్టి మూత వేశాడు. వెనక తలుపు తీసి పట్టుకున్నాడు.

"ఎక్కు రూపా."

"రూల్సు ఒప్పుకోవు కదండీ. నెలలో రిటైర్మెంటు పెట్టుకుని ఎందుకండీ ఇప్పుడు?"

"నేను చూద్దాం అన్నాను. చూశాను. ఎక్కు."

ఆమె చెప్పులు విడిచి ఎక్కబోయింది. వద్దన్నాడు. ఎక్కి, సీటు మధ్యలో కాకుండా ఓ చివర కూర్చుంది. మొదటి కిలోమీటరంతా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒళ్ళో పెట్టుకుంది, కడ్డీ పట్టుకుంది, కొంగు సర్దుకుంది. ప్రభుదాస్ అద్దంలో చూసి, జూలై ఎండలో ఆమె పాదాలకి హీటరు వేశాడు.

"ఏంటండీ ఇది, కాళ్ళు కాలిపోతున్నాయి," అంది.

"అది ప్రముఖులకే వస్తుంది. కాసేపు ఓర్చుకో."

అప్పుడు నవ్వింది. వెనక్కి ఆనుకుంది. మెల్లగా జరిగి సీటు మధ్యలోకి వచ్చింది.

రోడ్డు మీద ఎవరూ లేరు, ఒక్క బస్టాపులో తప్ప. వేర్‌హౌస్ షిఫ్టుకి వెళ్ళడానికి ఇనప ముందుభాగం బూట్లు వేసుకుని, టిఫిన్ బాక్సు పట్టుకుని ఒక విద్యార్థిని నిలబడి ఉంది. ఆ అమ్మాయి పేరు చరిత అని తర్వాత తెలిసింది. ఇరవై అడుగుల కారూ, అందులో గోధుమరంగు పట్టుచీరలో ఒక ఆంటీ రావడం చూసి, ఏమీ ఆలోచించకుండా చెయ్యి ఊపింది. రూపవతి కూడా ఊపింది. మోచెయ్యి భుజం కంటే చాలా పైకి లేచింది. చరిత ఫోనుతో ఒక ఫోటో తీసి, బాగుందని, కారు వీడ్కోలు ఫోటోల పోటీకి నగరపాలక సంస్థకే పంపింది.

అలా విచారణ మొదలైంది. ఫోటోలోని ముఖం రిజిస్టరులో ఏ నంబరుతోనూ సరిపోలేదని సిస్టమ్ తనంతట తానే గుర్తించి, ప్రభుదాస్‌కి పదకొండు పేజీల నోటీసు పంపింది. నేరం రుజువైతే సర్వీసు రికార్డులో శాశ్వత మచ్చ పడుతుంది. గరాజు గోడ మీద మాజీ డ్రైవర్ల వరసలో అతని పేరుండదు. దేవిశ్రీ ఫోను చేసింది.

"అంకుల్, 'నాకు తెలియదు' అని ఒక డబ్బా ఉంటది. దాంట్ల టిక్ పెట్టున్రి, పోతది. ఇంకా మూడు వారాలే ఉంది మీకు."

ప్రభుదాస్ ఆ డబ్బా చూశాడు. పదహారేళ్ళుగా తను టిక్ పెడుతూ వచ్చింది అందులోనే అనిపించింది. దాన్ని వదిలేసి, అడుగున ఖాళీ గీతల మీద తనకొచ్చిన ఇంగ్లీషులో, పెద్ద అక్షరాలతో రాశాడు. వెనక సీటులో ఉన్నది నా భార్య రూపవతి. నేనే ఎక్కించాను. ఇంకా చాలా ముందే ఎక్కించవలసింది.

రిటైర్మెంటుకి రెండు రోజుల ముందు జవాబొచ్చింది. వంటింట్లో నిలబడి రూపవతి చదివింది. సదరు పేరుగల ప్రముఖులు రిజిస్టరులో ఎవరూ లేరు. ప్రయాణ సమయంలో వెనక సీటు సంఖ్య సున్నా అని యాప్ ధ్రువీకరిస్తోంది. ఉద్యోగి వాంగ్మూలం ఆధారాలతో పొసగనందున పరిగణనలోకి తీసుకోలేదు. కారులో ఎవరూ లేరని తేలినందున, ఎవరినీ ఎక్కించని ఉద్యోగిపై చర్యకు తావు లేదు. విచారణ ముగిసినది. ఆధారాన్ని జతపరచడమైనది.

జతపరచిన ఫోటోలో రూపవతి సీటు మధ్యలో కూర్చుని, చెయ్యి ఆకాశంలోకి ఎత్తి, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతోంది. చేతిలో ఏమీ లేదు.

"ఏవండీ, ఇరవై రెండేళ్ళలో నన్ను కొయ్యకుండా వేసిన ఫోటో ఇదొక్కటేనండీ," అంది. ఉత్తరం మడిచి డ్రాయరులో వేసి, ఫోటోని అయస్కాంతంతో ఫ్రిజ్ తలుపుకి అంటించింది. అడుగున నగరపాలక సంస్థ వారు అచ్చు వేసిన వివరణ ఉంది. దాన్ని కత్తిరించబోయి, ఎలాగూ అధికారికంగా ఇచ్చారు కదా అని ఉంచేసింది.

చిత్రం 1: ఖాళీ సీటు.